ఆగితే తగ్గే ఆటలు

హనుమకొండలోని మా దుకాణానికి రిపేరుకు వచ్చే లాప్‌టాప్‌లలో కాలేజీ పిల్లలవే ఎక్కువ. చాలావాటిలో గొడవ ఒకటే: ఎక్కడినుంచో దింపుకున్న దొంగ కాపీ ఆట, దానితో పాటు వచ్చిన ‘క్రాక్’ ఫైలు, ఆ ఫైలు నడవడం కోసం వాళ్లే ఆపేసిన యాంటీవైరస్. ఆ తర్వాత ఆట ఆడకపోయినా ఫ్యాను హోరెత్తుతూనే ఉంటుంది. యజమానికి తెలియకుండా ఆ మిషను ఇంకెవరి కోసమో క్రిప్టో నాణేల లెక్కలు చేస్తుంటుంది. కొన్నిసార్లు బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులన్నీ పోతాయి. ఫార్మాట్ కొట్టి ఇచ్చేటప్పుడు అడుగుతాను, ఎందుకు బిడ్డా ఈ పని అని. “మూడు వేలున్నదన్నా ఆ గేము. యాడికెల్లి తేవాలె?” అంటారు.

న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ మూడు వేలు ఆట కొత్తగా వచ్చినప్పటి ధర. ఫాల్గుణంలో బండి మీద కనిపించే తొలి మామిడికి ఉన్న రేటు జ్యేష్ఠంలో ఉండదు కదా. పైగా డౌన్‌లోడ్ చేసుకునే ఆటకు డబ్బా లేదు, గోదాము లేదు, లారీ కిరాయి లేదు. ఇంకో కాపీ అమ్మితే కంపెనీకి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు సున్నా. అందుకే ముందు ఆగలేనివాళ్ల దగ్గర పూర్తి ధర తీసుకుని, తర్వాత మెల్లగా దిగుతూ వస్తారు. మూడు వేలు దాటిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆట 75 శాతం తగ్గింపు పడినప్పుడు 800 దరిదాపులకు వచ్చింది. 2011 నాటి పోర్టల్ 2 పెద్ద సేల్‌లో వంద రూపాయలకు అటూఇటూగా దొరుకుతుంది. మామూలు లాప్‌టాప్ మీద కూడా నడిచే ఆ ఆటను మించిన బేరం నాకు తెలిసి లేదు.

వాల్వ్ కంపెనీ 2003లో మొదలుపెట్టిన స్టీమ్ ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద దుకాణం. 2015 చివర్లో మన రూపాయల్లో ధరలు పెట్టింది. దానికి ఏటా నాలుగు పెద్ద సేల్స్ ఉంటాయి. వాటిలో జూన్ ఆఖరున మొదలయ్యేది, డిసెంబరు మూడో వారం అటూఇటూగా మొదలై కొత్త సంవత్సరం దాకా సాగేది గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకప్పుడు ఆ సేల్స్‌లో కొన్ని గంటలపాటే ఉండే మెరుపు తగ్గింపులు ఉండేవి. ఇప్పుడు అవి లేవు, మొదటి రోజు పెట్టిన తగ్గింపే సాధారణంగా చివరిదాకా ఉంటుంది. కాబట్టి అర్ధరాత్రి కూర్చుని కొనాల్సిన పనిలేదు. కావలసినవి ‘విష్‌లిస్టు’లో పెట్టుకుంటే తగ్గినప్పుడు మెయిల్ వస్తుంది.

శాతాన్ని చూసి మురిసిపోవద్దు. స్టీమ్‌డీబీ, ఈజ్ దేర్ ఎనీ డీల్ అనే రెండు సైట్లలో ఒక్కో ఆట ధర చరిత్ర గ్రాఫుగా కనిపిస్తుంది. ఇదివరకు ఎంతకు దిగిందో అక్కడ చూసి, ఇప్పుడు దానికి దగ్గరగా ఉంటేనే కొనాలి. కొన్ని ఆటలు కలిపి అమ్మే బండిల్స్ సంగతి చాలామందికి తెలియదు. ఒక సిరీస్‌లో రెండు ఆటలు ముందే మీ దగ్గర ఉంటే, స్టీమ్ చాలా బండిల్స్‌లో వాటి ధర తీసేసి, మిగిలినవాటి మీదే అదే అదనపు తగ్గింపు ఇస్తుంది.

డబ్బే లేనివాళ్లకు గురువారం ఉంది. 2018 డిసెంబరులో వచ్చిన ఎపిక్ గేమ్స్ స్టోర్ వారం వారం ఆటలు ఉచితంగా ఇస్తోంది. మన గడియారంలో రాత్రి 8:30కి కొత్తది వస్తుంది. అమెరికాలో చలికాలానికి గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక 9:30కి. 2020 మేలో జీటీఏ 5ను ఉచితంగా ఇచ్చినప్పుడు జనం ఎగబడి ఆ సైటే పడిపోయింది. ఆ వారంలోపు ఖాతాలో వేసుకుంటే చాలు, దింపుకోవడం తీరినప్పుడు చూసుకోవచ్చు. ఫోన్లోంచి కూడా వేసుకోవచ్చు.

ఆటను ఖాతాలో వేసుకునే కోడ్‌లను, అంటే ‘కీ’లను, సగం ధరకు అమ్మే మధ్యవర్తి సైట్లకు మాత్రం నేను వద్దే అంటాను. అక్కడ అమ్మేది ఎవరో తెలియదు. దొంగ కార్డులతో కొన్న కీలు వాటిలో కలుస్తాయి. అసలు కార్డుదారు ఫిర్యాదు చేస్తే కీ రద్దవుతుంది, మీ ఖాతాలోంచి ఆట మాయమవుతుంది. కొన్ని కీలు వేరే దేశంలో మాత్రమే పనిచేస్తాయి, ఆ మాట అడుగున సన్నటి అక్షరాల్లో ఉంటుంది.

ధర కుదిరాక కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. మా దుకాణానికి ఫోన్లు ఎక్కువగా వచ్చేది వీటి గురించే. స్టీమ్‌లో కొన్నా రాక్‌స్టార్, యూబీసాఫ్ట్, ఈఏ కంపెనీల ఆటలు చాలావరకు ఆటను తెరిచే తమ సొంత ప్రోగ్రామును, అంటే లాంచరును కూడా వేయించుకుంటాయి, ఇంకో ఖాతా అడుగుతాయి. ఆ సంగతి ఆట పేజీలో కుడివైపు రాసి ఉంటుంది. కొనేముందు అక్కడికి దిగి చదవండి. దీనికి ఇంకో ముడి ఉంది. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే స్టీమ్ డబ్బు వాపసు ఇస్తుంది. కానీ లాంచరు తెరుచుకుని లోపల ఏదో దింపుకుంటున్నా స్టీమ్ దృష్టిలో అది ఆడిన సమయమే. అది వదిలేసి అన్నానికి వెళ్లి వచ్చేసరికి వాపసు హక్కు పోవచ్చు.

ఇక్కడే అసలు విషయం చెప్పాలి. మనం కొనేది ఆట ఆడుకునే అనుమతి మాత్రమే. స్టీమ్ ఈ మాటను 2024 నుంచి చెల్లింపు పేజీలోనే రాస్తోంది. యూబీసాఫ్ట్ 2014లో తెచ్చిన ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా, ఒంటరిగా ఆడదామన్నా ఆడలేకపోయారు. జీటీఏ 4 కథ ఇంకోలా నడిచింది. మైక్రోసాఫ్ట్ వదిలేసిన ఒక పాత సేవకు అది కట్టుబడి ఉండడంతో కొత్త కీలు పుట్టించలేక, 2020 జనవరిలో స్టీమ్‌లో అమ్మకం ఆగింది. రెండు నెలల తర్వాత తిరిగొచ్చింది గానీ నలుగురితో కలిసి ఆడే భాగం లేకుండా వచ్చింది.

అందుకే పాత ఆటలకు నేను జీఓజీ వైపే మొగ్గుతాను. 2008లో మొదలైన ఈ పోలండ్ దుకాణం తాళాలు లేని ఆటలు అమ్ముతుంది. ఇన్‌స్టాలరు దింపి హార్డ్‌డిస్కులో దాచుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా వేసుకోవచ్చు. ఇది చిన్న సంగతి కాదు. 2024 జనవరి 1 నుంచి స్టీమ్ విండోస్ 7, 8లకు మద్దతు ఆపేసింది. అలాంటి పాత మిషన్లు మా ఊళ్లో ఇంకా బోలెడు ఉన్నాయి, వాటి మీద పాత ఆట ఆడాలంటే ఈ దారే మేలు. ఇబ్బందల్లా అక్కడ మనం డాలర్లలో కట్టాలి. 2020లో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల మీద విదేశీ చెల్లింపులు మూసే వస్తాయి. బ్యాంకు యాప్‌లో తెరిచి, కొన్నాక మళ్లీ మూసేయండి. డాలరు మార్పిడికి బ్యాంకు వేసే రుసుమునూ లెక్కలో కలుపుకోండి. స్టీమ్‌లో అయితే రూపాయల్లో, యూపీఐతోనే కట్టేయొచ్చు.

ఆట బరువు కూడా ధరలో భాగమే. బాల్డర్స్ గేట్ 3కి 150 జీబీ చోటు కావాలి. 40 ఎంబీపీఎస్ లైను మీద అంత దింపడానికి ఎనిమిది గంటలకు పైనే పడుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్లానుతో 75 రోజులు. హాస్టల్ పిల్లలకు ఒక మంచి ఉపాయం ఉంది. 2023 నుంచి స్టీమ్‌లో, ఒకే వైఫై మీదున్న ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు ఆట ఫైళ్లు పంపుకోవచ్చు. గదిలో ఒకరు దింపితే, అదే ఆట కొన్న మిగతావాళ్లు మళ్లీ డేటా ఖర్చు చేయనక్కర్లేదు.

ఇంట్లో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ‘స్టీమ్ ఫ్యామిలీస్’ ఉంది, ఒకే ఇంట్లోని ఆరుగురి దాకా ఆటలు పంచుకోవచ్చు. కానీ మీ ఆటను తమ్ముడు మోసంతో ఆడి నిషేధం తెచ్చుకుంటే, ఆ నిషేధం మీకూ పడుతుంది. ముందే గట్టిగా చెప్పి పెట్టండి.

ఇంజనీరింగ్ పిల్లలకు చివరిగా ఒక మనవి. మీలో చాలామంది కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో ఈ ఖాతాలు తెరుస్తున్నారు. చదువు అయిపోయాక ఆ మెయిల్ మూసేస్తే, పాస్‌వర్డు మరిచిపోయిన రోజున నాలుగేళ్లుగా కూడబెట్టిన ఆటలన్నీ చేజారిపోతాయి. ఈ రోజే లోపలికెళ్లి సొంత మెయిల్ పెట్టుకోండి, ఫోన్‌లో స్టీమ్ గార్డు అనే రెండో తాళం పెట్టుకోండి, రికవరీ కోడును కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకోండి.