ప్యాడ్ అల్మారిల గాదు, బాత్రూంల ఉండాలె

2022 సెప్టెంబర్ల పాట్నల సర్కారు ఒక మీటింగు పెట్టింది. బడి పిల్లలను పిలిచి కూసోవెట్టిండ్రు. అండ్ల ఒక పిల్ల లేచి, సర్కారు ఇన్ని ఇస్తున్నది గదా, ఇరవై ముప్పై రూపాయల ప్యాడ్లు ఇయ్యలేదా అని అడిగింది. స్టేజీ మీదున్న ఐఏఎస్ అధికారి గూడ ఆడామెనే. ఇయ్యాల ప్యాడ్లు అడుగుతరు, రేపు జీన్సు ప్యాంట్లంటరు, ఎల్లుండి మంచి బూట్లంటరు, ఆఖరికి నిరోధ్‌లు గూడ అడుగుతరు అన్న తీరుగ జవాబిచ్చింది. ఇంకో పిల్ల మా బడిల ఆడపిల్లల బాత్రూం పాడైంది, మగపిల్లలు గూడ అండ్లకే వస్తున్నరు అంటే, మీ ఇంట్ల ఆడోళ్లకు మగోళ్లకు వేరే వేరే ఉన్నయా అని ఎదురడిగింది. దేశమంత గొడవైనంక ఆమె విచారం చెప్పింది. ఆ ముచ్చట అక్కడికి ఒడిసింది గని పిల్లలడిగిన ప్రశ్నలు అట్లనే ఉన్నయి.

జీన్సు లేకుంటే ఇంకో బట్ట కట్టుకుంటం. నెత్తురు మాత్రం పైసలు దొరికేదాక ఆగమంటే ఆగదు. ఇంత చిన్న తేడా పెద్ద చదువులు చదివినోళ్లకే అర్థం గాలేదంటే ఊర్ల రచ్చబండ కాడ కూసున్న మనోళ్లను ఏమంటం?

"ఇప్పటికే ఇస్తున్నరు గదా, ఇంకేం గావాలె?" అని మీలో కొందరు అడుగుతరు, ఎరికే. ఇచ్చిన మాట నిజమే. తెలంగాణల 2018ల సర్కారు బడుల ఆడపిల్లలకు కిట్లిచ్చిండ్రు, అండ్ల ప్యాడ్లు గూడ ఉండె. ఆంధ్రల 2021 అక్టోబర్ల 'స్వేచ్ఛ' అని పేరువెట్టి ఏడో తరగతి నుంచి ఇంటర్ దాక నెలకు పది ప్యాడ్లు ఇచ్చుడు మొదలువెట్టిండ్రు. జన ఔషధి దుకాణాలల్ల 2019 ఆగస్టు నుంచి ఒక్క ప్యాడ్ ఒక్క రూపాయి. జీఎస్టీ వచ్చినప్పుడు 12 శాతం పన్నేసిండ్రు, కొట్లాడితే 2018 జులైల తీసేసిండ్రు. ఇన్ని అయినంక గూడ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల, 15 నుంచి 24 ఏండ్ల ఆడోళ్లల్ల శుభ్రమైన పద్ధతి వాడేటోళ్లు పట్నాలల్ల 89.4 శాతం ఉంటే పల్లెలల్ల 72.3 శాతమే ఉన్నరు.

పైసలొక్కటే కారణమైతే రూపాయి ప్యాడ్‌తోనే లెక్క తెగిపోవాలె. తెగలేదంటే ఇంకేదో ఉన్నది. ఒక పిల్ల దినం ఎట్ల గడుస్తదో చూడుండ్రి.

ఊర్లకెళ్లి పొద్దుగాల ఏడింటి బస్సుకు ఇంటర్ పిల్ల మండలం కాలేజీకి పోతది. మల్ల ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. అంటే పదకొండు గంటలు. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చుకోవాలని డాక్టర్లు చెప్తరు. అంటే ఇంటి బయట కనీసం ఒక్కసారన్న మార్చుకోవాలె. ఎక్కడ మార్చుకోవాలె? కాలేజీ బాత్రూంకు గడియ ఉన్నదా? నల్లాల నీళ్లొస్తున్నయా? విప్పిన ప్యాడ్ వేసెతందుకు డబ్బ ఉన్నదా? తారీఖు ముందే వచ్చి, సంచిల ప్యాడ్ లేకపోతే ఏం జెయ్యాలె? జన ఔషధి దుకాణం చూస్తే పట్నంల ఉన్నది. ఊరి కిరాణంల కూసునేది మనకు బాబాయి వరస. పేపర్ల చుట్టి, నల్ల కవర్ల వెట్టి ఇస్తడు. తీసుకునేటప్పుడు ఆ పిల్ల మొకం చూడాలె, ఏదో దొంగసొత్తు పట్టుకపోతున్నట్టే ఉంటది.

ఇగ బడి సంగతి. నేను తిరిగిన ఊర్లల్ల ఒక బడిల ప్యాడ్ల పెట్టెలు హెడ్‌సారు రూంల అల్మారిల ఉన్నయి. తాళంచెవి సారు జేబుల. పిల్ల వొయ్యి సారును అడగాలె, రిజిష్టర్ల సంతకం వెట్టాలె. కాయిదం మీద చూస్తే అక్కడ ప్యాడ్లు ఫ్రీనే. సారును అడిగే బదులు ఇంటికి పోయేటోళ్లే ఎక్కువ. దీనికి సారును తిట్టి లాభం లేదు. సామానుకు లెక్క చెప్పాలని ఆయనకు పైనుంచి చెప్తరు, పిల్ల పరువుకు లెక్క చెప్పాలని ఎవ్వరు చెప్పలే.

ఈ ముచ్చటను చట్టంలనే రాసుకున్న దేశం స్కాట్లాండ్. అక్కడ 2018లనే బడులల్ల, కాలేజీలల్ల, యూనివర్సిటీలల్ల ఫ్రీగ వెట్టిండ్రు. మోనికా లెనన్ అనే సభ్యురాలు బిల్లు వెట్టి కొట్లాడితే 2020 నవంబర్ 24న పార్లమెంటు మొత్తం ఒక్కమాట మీద పాస్ చేసింది. 2022 ఆగస్టు 15 నుంచి అది పూరాగ అమలైంది. అవసరమున్న ఎవ్వరికైనా ఫ్రీగ దొరికేటట్టు చూసే పని స్థానిక సంస్థల మీద వెట్టిండ్రు. అల్కగ దొరకాలె, తీసుకునేటోళ్ల గౌరవం పోవద్దు, ఒక్క రకం గాకుండ రెండు మూడు రకాలుండాలె అని అండ్ల రాసి ఉన్నది. నాకు నచ్చింది ఆ నడిమి మాటే.

స్కాట్లాండ్ పైసలున్న దేశం, మనకు పోలికేంది అంటరు. పైసల సంగతి అటుంచుండ్రి. పథకం వేరు, చట్టం వేరు. కర్ణాటకల 'శుచి' అని పథకముండె. కరోనా కాలంల ఆగిపోయింది, 2024ల మల్ల మొదలైంది. నడుమ ఆ ఏండ్లల్ల పిల్లల నెలసరి ఆగిందా? టెండర్ ఆగితే ఆగిపోయేది పథకం. చట్టం ఉంటే ఎందుకు ఆపినవని అడగొచ్చు.

మన కాడ సూడ దీనికి ఒక నమూనా ఉన్నది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణల ఆడోళ్లకు బస్సు ఫ్రీ. కండక్టర్ జీరో టికెట్ కొడ్తడు. యాడికి పోతున్నవ్, ఎందుకు పోతున్నవ్, పేదదానివేనా అని అడగడు. ఆంధ్రల 2025 ఆగస్టు 15 నుంచి గట్లనే నడుస్తున్నది. బస్సు దిగినంక ఆ బస్టాండు బాత్రూంల గోడకొక డబ్బ ఉండి, చెయ్యి వెడితే ప్యాడ్ దొరికితే బాగుండదా? సర్కారు దవాఖానల, తహసీల్ ఆఫీసుల, లైబ్రరీల గూడ గంతే. రిజిష్టర్ వద్దు, సంతకం వద్దు.

పని కాడ సంగతి అస్సలు ఎవ్వరు మాట్లాడరు. 2005ల ఉపాధి హామీ చట్టం రాసినప్పుడు పని జాగల తాగే నీళ్లుండాలె, పిల్లలకు నీడ ఉండాలె, ఫస్ట్‌ఎయిడ్ పెట్టె ఉండాలె అని రాసిండ్రు. బాత్రూం మాట లేదు. గడ్డపార తాకి కాలుకు నెత్తురొస్తే కట్టు కట్టెతందుకు పెట్టెల దూది, బ్యాండేజి ఉంటయి. నెలనెల వచ్చే నెత్తురుకు మాత్రం ఏముండదు. చట్టం పేర్లు మారుతుంటయి, ఎండల మట్టి మోసే అక్కల కష్టం గదే. ఆ పెట్టెల నాలుగు ప్యాడ్లు వెడితే ఏమైతది?

"డబ్బల వెడితే ఒక్కతే అన్ని పట్టుకపోతది" అనే మాట తప్పకుండ వస్తది. మొదటి వారం పట్టుకపోతదేమో. ఇంట్ల అక్కకు, అమ్మకు ఇస్తది, అది గూడ అవసరమే గదా. ఫ్రీ అని ఎవ్వరికి నెత్తురు ఎక్కువ రాదు. ఎప్పటికి దొరుకుతయని నమ్మకం వచ్చినంక దాచిపెట్టుడు దానంతటదే తగ్గుతది.

ఇంకో ముచ్చట. గుడ్డ వాడేటోళ్లను చిన్నచూపు చూడొద్దు. మంచిగ ఉతికి ఎండల ఆరేస్తే గుడ్డతోని ఏ గండం లేదు. ఎవ్వరు చూడొద్దని మంచం కింద, చీర మాటున తడితడిగ ఆరేసుడుతోనే రోగాలు. కేరళల కుంబళంగి ఊర్ల 2022ల మెన్‌స్ట్రువల్ కప్పులు పంచి, ప్యాడ్ల చెత్త లేని ఊరు చేస్తమన్నరు. బాగనే ఉన్నది. కాని కప్పు కడుగాలంటే నీళ్లు గావాలె, గడియ గావాలె. ఏది వాడినా మల్ల బాత్రూం కాడికే వచ్చి ఆగుతం. చెత్తడబ్బ లేని కాడ ప్యాడ్ లెట్రిన్ల వడ్తది, అది జామయితే చేతులు వెట్టి తీసేది ఎవరో మనకెరికే.

తమ్ముళ్లు గూడ ఇది చదవాలె. గ్రామసభల లేచి రోడ్డు అడుగుతరు, లైట్లు అడుగుతరు, ఇది మాత్రం ఆడోళ్ల ముచ్చటని ఊకుంటరు. అరవై మంది ఆడపిల్లలున్న బడి అనుకోండ్రి. పిల్లకు నెలకు పదిహేను ప్యాడ్లు, రూపాయి ధరకు తెస్తే నెలకు తొమ్మిది వందలు. ఈ లెక్క కాయిదం మీద రాసి సర్పంచ్‌కు, హెడ్‌సారుకు ఇయ్యుండ్రి. డబ్బ బాత్రూం లోపలనే పెట్టాలె, నింపే పని బడి స్వీపరమ్మ నెత్తిన ఊకెనే వెయ్యొద్దు, మహిళా సంఘానికి ఇచ్చి దానికి పైసలు కట్టియ్యాలె. ఫస్టు డబ్బ బడిల పెట్టాల్నా, బస్టాండ్ల పెట్టాల్నా అన్నది ఊరి ఆడోళ్లను అడిగి తేల్చుకోండ్రి.