దోమ గుట్టు ఇక్కడే తేలింది.. మరి టీకా?

మలేరియా క్రిమిని దోమ కడుపు గోడలో రోనాల్డ్ రాస్ తొలిసారి చూసింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న. లండన్‌లోని ప్యాట్రిక్ మాన్సన్ ఉత్తరాలే ఆయనకు దారి చూపాయి.

ఇప్పుడు టీకా విషయంలోనూ అదే తరహా చెలిమి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకా తయారీని జీఎస్‌కే సంస్థ భారత్ బయోటెక్‌కు అప్పగిస్తోంది. సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట దారి పడితే వచ్చే జీనోమ్ వ్యాలీలోని సంస్థే ఇది.

అయితే పూర్తిగా కాదు. టీకాకు బలాన్నిచ్చే సహాయక ద్రవ్యం జీఎస్‌కే చేతిలోనే ఉంటుంది. అందులోని ఒక పదార్థం చిలీ చెట్టు బెరడు నుంచి వస్తుంది. మన కుంకుడుకాయలా నురగనిచ్చే చెట్టు లెండి! ఈ గొలుసులో ఏ దేశం తలుపు మూసినా టీకా ఆగుతుంది. 2021లో మనం కొవిడ్ టీకాల ఎగుమతి ఆపినప్పుడు ఆఫ్రికా దేశాలు అలాగే ఎదురుచూశాయి. ఒప్పందాల్లో ధరతో పాటు ఈ సంగతీ తేలాలి.

‘మా పిల్లలకు వేయించొచ్చా?’ అంటారా? మన జాతీయ టీకాల పట్టికలో ఇది లేదు. ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే ఫాల్సిపేరంపైనే పనిచేస్తుంది. మన దగ్గర వైవాక్స్ కూడా ఎక్కువే.

కాబట్టి చలిజ్వరం వస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి. వైవాక్స్ అని తేలి డాక్టరు 14 రోజుల ప్రైమాక్విన్ రాస్తే, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి. కాలేయంలో దాక్కున్న క్రిములు నెలల తర్వాత మళ్లీ లేస్తాయి. గర్భిణులకు మాత్రం ఈ మందు ఇవ్వరు.