అపూ గొంతు ఎవరిది?

2018 ఏప్రిల్ 8న అమెరికాలో ప్రసారమైన ‘ది సింప్సన్స్’ కార్టూన్ ఎపిసోడ్‌లో ఓ చిన్న సన్నివేశం ఉంది. తల్లి మార్జ్ తను చిన్నప్పుడు చదివిన కథలో ఇవాళ నొప్పించే మాటలన్నీ ఏరేసి కూతురు లీసాకు చదివి వినిపిస్తుంది. కథ చప్పగా తేలుతుంది. అప్పుడు లీసా మనవైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చింది ఇప్పుడు తప్పయిపోతే ఏం చేస్తాం అంటుంది. మంచం పక్కన, అదే కార్టూన్‌లో కొట్టు నడిపే భారతీయుడు అపూ ఫొటో. ఆ మాట ఎవరికి తగలాలో దాపరికమేం లేదు. అంతకు అయిదు నెలల ముందే న్యూయార్క్‌లో పుట్టిన తెలుగువాడు, హాస్యకారుడు హరి కొండబోలు ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీతో ముందుకొచ్చాడు. సింప్సన్స్ ఉండే స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో న్యాయం మాట్లాడే పిల్ల లీసా ఒక్కతే. దాటవేతకు ఆ నోరే దొరకడం గడుసుతనం.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వెక్కిరింత తప్పించుకున్నవాడెవడు, లీసా తండ్రి, సోమరి హోమర్‌కు లేని బాధ అపూకెందుకని అడగొచ్చు. హోమర్‌ను చూసి నవ్వినవాడికి ఛానెల్ మారిస్తే వంద రకాల తండ్రులు కనబడతారు. 1990లో వచ్చిన అపూ మాత్రం చాలాకాలం అమెరికా టీవీలో దాదాపు ఒంటరి భారతీయుడు. ‘థాంక్యూ, కమ్ అగైన్’ అనే అతని ఊతమాటతో బళ్లో భారతీయ పిల్లల్ని ఏడిపించడానికి అంతకన్నా ఏం కావాలి? రాయలసీమలోని రాప్తాడువాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. వేరుశనగ చేలూ ఎండిన బోర్లూ ఉన్న ఊళ్ల యాస సినిమాకెక్కేసరికి బాంబులకూ తొడగొట్టడానికీ తప్ప ఎందుకూ కొరగాకుండా పోయింది. అపూకు గొంతిచ్చిన అమెరికా నటుడు హాంక్ అజారియా, తన యాసకు 1968 నాటి ‘ది పార్టీ’ సినిమాలో ఇంగ్లిష్ నటుడు పీటర్ సెల్లర్స్ కట్టిన భారతీయుడి వేషం కూడా ఆధారమని తనే చెప్పాడు. అనుకరణకు అనుకరణ అన్నమాట.

మరి ఏ జాతి పాత్రకు ఆ జాతివాడే గొంతివ్వాలా? 2020లో సింప్సన్స్ వాళ్లు ఇంచుమించు ఆ నిర్ణయానికే వచ్చారు. అది సగం జవాబే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాట చూడండి. రామాయణం మంచి పట్టుమీదున్నప్పుడు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరమీదికి దూరి, మొగుడూపెళ్లాల తగువుతో ఊరినంతా ఎగతాళి చేస్తారు. ఆ బొమ్మలాడించే కుటుంబాల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ. అయినా తెలుగు పల్లెకు కోపం రాలేదు. దీపం వెలుగులో మేకతోలు బొమ్మ ఊగుతుంటే, తెరకు ఇవతల కూర్చున్నవాడు అక్కడికక్కడే మాటకు మాట అనగలడు. ఆడించేవాడు తెల్లారి మళ్లీ అదే ఊరి ముఖం చూడాలి. బంగారక్క మీది మోటు సరసాలు ఆడవాళ్లకు ఎంత రుచించేవో వేరే సంగతి, ఆ లోటు ఉంది. కొండబోలుకు మాత్రం మాటకు మాట అనడానికి ఇరవయ్యేడేళ్లు పట్టింది. అతను అడిగింది అపూను తీసేయమని కాదు, ఇంకాస్త మనిషిని చేయమని. 2020లో అజారియా ఆ పాత్ర వదిలేశాడు. ఇప్పుడు అపూ అప్పుడప్పుడు గుంపులో వెనక నిలబడి కనిపిస్తాడు. మాట్లాడడు.