ఒక్క సెల్లుతో తెల్లబల్బు ఎలా వెలుగుతుంది?

తిరుత్తణి కొండకు 365 మెట్లు. తెల్లవారకముందే ఎక్కేవాళ్ల చేతుల్లో ఉండే చిన్న టార్చిని ఎప్పుడైనా విప్పి చూశారా? కొన్నింటిలో ఒకే ఒక్క పెన్సిల్ సెల్లు ఉంటుంది. దాని వోల్టేజి, అంటే కరెంటును ముందుకు తోసే ఒత్తిడి, 1.5 వోల్టులే. తెల్ల ఎల్‌ఈడీ బాగా వెలగాలంటే సుమారు 3 కావాలి. మరి మిగతా సగం ఎక్కణ్నుంచి వచ్చింది?

మేడమీది ట్యాంకు నీళ్లు జోరుగా వస్తుండగా కొళాయిని టక్కున కట్టేయండి. ఒక్కోసారి గొట్టం ‘ధన్’మంటుంది. పరుగెత్తే నీళ్లు ఉన్నట్టుండి ఆగలేక గొట్టాన్ని గట్టిగా నెట్టాయన్నమాట. ఆ క్షణంలో ఒత్తిడి ట్యాంకు ఇచ్చేదానికన్నా ఎక్కువ.

టార్చిలో గొట్టం పని చేసేది రాగితీగ చుట్ట. కొళాయి పని ట్రాన్సిస్టరుది. అది సెకనుకు వేలసార్లు కరెంటును వదిలి ఆపుతుంది. ఆపిన ప్రతిసారీ తీగచుట్ట ఊరుకోదు. సెల్లు ఒత్తిడికి తన ఒత్తిడీ కలిపి కరెంటును ఎల్‌ఈడీ వైపు తోస్తుంది.

ఇదేమీ ఊరికే రాదు. ఎల్‌ఈడీకి వెళ్లే కరెంటుకు రెట్టింపు పైచిలుకు సెల్లు ఇచ్చుకోవాలి. కొంత వేడిగా పోతుంది. పవర్ బ్యాంకులోనూ ఇదే తంతు. లోపలి సెల్లు 3.7 వోల్టులు, బయటికి వచ్చేది 5. అందుకే పవర్ బ్యాంకు మీద రాసిన 10,000 ఎంఏహెచ్ మొత్తం ఫోనుకు అందదు.

తిరువళ్లూరులో స్కూలు ప్రాజెక్టు చేస్తున్న పిల్లలూ, ఈ పనికి ‘బూస్ట్ కన్వర్టర్’ అనే తపాలాబిళ్లంత బోర్డు దొరుకుతుంది. ప్లస్, మైనస్ మాత్రం తారుమారు చేయకండి, కాలిపోతుంది.