అటక మీది పాత మానిటరు

పాత కంప్యూటరు మానిటరు ఇంకా మీ ఇంట అటక మీదే ఉందా? 2000 ప్రాంతంలో పిల్లల చదువుకని కొన్నది. పూలతువాలు కప్పి, ఆయుధపూజనాడు బొట్టు పెట్టుకున్నది. పారేయడానికి చేతులు రావు, నిజమే.

తెర తుడవబోతే చిటపటమంటూ చేతి వెంట్రుకలు లేచేవి, గుర్తుందా? ఆ పెట్టెలో ఉన్నది గాలి తీసేసిన పెద్ద గాజుబుడ్డి. దాని మెడలోంచి ఎలక్ట్రాన్లు దూసుకొచ్చి తెర లోపలి పూతకు తగిలితేనే బొమ్మ కనిపించేది. ఆ తాకిడికి కొద్దిగా ఎక్స్-కిరణాలూ పుడతాయి. అవి మన మీద పడకుండా గాజులోనే సీసం కలిపారు. బుడ్డి వెనకభాగంలో సుమారు అయిదోవంతు సీసం ఆక్సైడే!

అటక మీద ఉన్నంతకాలం భయంలేదు. పగిలితేనే చేటు. పాతసామాన్లవాడికి వేస్తే, మెడచుట్టూ ఉన్న రాగితీగ కోసం బుడ్డి బద్దలుకొట్టి, గాజు మురుగ్గుంటలో పారేస్తాడు. ఆ దుమ్ము పీల్చేది వాడూ, పక్కన ఆడుకునే వాడి పిల్లలూనూ. సీసం పసివాళ్ల మెదడును దెబ్బతీస్తుంది. నాలుగు డబ్బులకోసం మనకెందుకండీ ఆ పాపం?

ఇలాంటి సామానుకు మన దేశంలో 2012 మే నుంచీ ప్రత్యేక నిబంధనలున్నాయి. అనుమతి ఉన్న సేకరణ కేంద్రం ఎక్కడుందో మునిసిపాలిటీలో అడిగి, అక్కడికే పంపండి. దింపేటప్పుడు తెరను గుండెకు ఆనించి పట్టుకోవాలి, బరువంతా అటే ఉంటుంది.