మత్తు ఇంజెక్షన్‌తో బ్రెస్ట్ క్యాన్సర్ తగ్గిపోతుందా? ఆ రీసెర్చ్‌లో అసలు ఏముంది?

"చవక ఇంజెక్షన్‌తో బ్రెస్ట్ క్యాన్సర్ మాయం" లాంటి ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లోకి కూడా వచ్చి ఉండొచ్చు. దీని వెనక నిజమైన రీసెర్చే ఉంది, అది కూడా మన దేశంలో జరిగిందే. కాకపోతే రీసెర్చ్ చెప్పింది ఒకటి, ఫార్వర్డ్ చెప్తున్నది ఇంకొకటి. ఆ తేడా ఏంటో ఇవాళ చూద్దాం.

ముందు ఆ మందు సంగతి. దాని పేరు లిడోకైన్. పన్ను పీకే ముందు చిగురు మొద్దుబారడానికి డెంటిస్ట్ ఇంజెక్షన్ ఇస్తారు కదా, ఆ రకం మందే. 1940ల నుంచి వాడుతున్నారు. చాలా చవక.

ముంబై టాటా మెమోరియల్ సెంటర్‌లో డాక్టర్ రాజేంద్ర బడ్వే, ఆయన టీమ్‌కి ఒక డౌట్ వచ్చింది. ఆపరేషన్ చేసి గడ్డని తీసేటప్పుడు దాన్ని కదిలించక తప్పదు. ఆ కదలికలో కొన్ని క్యాన్సర్ కణాలు రక్తంలోకి జారుకుంటే? కణాల గోడల మీద సోడియం చానెల్స్ అని చిన్న చిన్న గేట్లు ఉంటాయి. క్యాన్సర్ కణాలు పాకడానికి అవి సాయపడతాయని ల్యాబ్ పరిశోధనల్లో తేలింది. లిడోకైన్ పనే ఆ గేట్లు మూయడం. మరి గడ్డ తీయడానికి 7 నుంచి 10 నిమిషాల ముందు, దాని చుట్టూ లిడోకైన్ ఇస్తే ఏమవుతుంది? ఐడియా ఇంతే.

ఐడియా బాగుంటే సరిపోదు, టెస్ట్ చేయాలి. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఏ/బీ టెస్ట్ తెలుసు. యాప్‌లో సగం మందికి పాత బటన్, సగం మందికి కొత్త బటన్ చూపిస్తాం. ఎవరికి ఏది అన్నది లాటరీలాగా తేలుతుంది. ఇక్కడా అదే పద్ధతి. 2011లో మొదలుపెట్టి, దేశంలోని 11 సెంటర్లలో 1,600 మంది మహిళల్ని తీసుకున్నారు. లాటరీలో 796 మందికి ఇంజెక్షన్ వచ్చింది, 804 మందికి రాలేదు. ఈ లాటరీ ఎందుకంటే, డాక్టర్లే ఎంచుకుంటే తెలియకుండానే కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒకవైపు చేరిపోవచ్చు. అప్పుడు గొప్పతనం మందుదో, మనిషి ఒంటిదో చెప్పలేం.

ఫలితాలు 2023లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వచ్చాయి. 5 ఏళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు ఇంజెక్షన్ లేని గ్రూపులో 86.4 శాతం, తీసుకున్న గ్రూపులో 90.1 శాతం. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 82.6 శాతం నుంచి 86.6 శాతానికి పెరిగారు. ఇంజెక్షన్ వల్ల ఇబ్బందులేమీ కనిపించలేదు.

ఇదే రీసెర్చ్‌ని "చావు ముప్పు 29 శాతం తగ్గింది" అని కూడా చెప్పొచ్చు. అదీ నిజమే. కానీ వినగానే 100 మందిలో 29 మంది బతికారేమో అనిపిస్తుంది. 50 శాతం తగ్గింపు అన్న బోర్డు చూస్తే మనం ముందు ఏం అడుగుతాం? "అసలు రేటెంత?" అని. పది రూపాయల మీద సగమంటే ఐదు, పదివేల మీద సగమంటే ఐదువేలు. ఇక్కడ లెక్కేస్తే, 100 మందిలో అదనంగా బతికినవాళ్లు దాదాపు నలుగురు. చిన్న నంబర్ అనుకోవద్దు. ఇంత చవక మందుతో నాలుగు ప్రాణాలంటే మామూలు విషయం కాదు. అయినా "మాయం" అన్న మాటకి మాత్రం ఇది చాలా దూరం.

ఇంకో రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, రెండో గ్రూపుకి ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఎవరికి మందు ఇస్తున్నారో సర్జన్‌కి తెలుసు. ప్రాణం ఉందా లేదా అన్న లెక్క దీనివల్ల పెద్దగా మారదు గానీ, వేరే చోట్ల కూడా ఇదే ఫలితం వస్తే నమ్మకం పెరుగుతుంది. రెండు, వీళ్లందరికీ జబ్బు వేరే అవయవాలకి పాకకముందే, ముందుగా కీమో లేకుండా నేరుగా ఆపరేషన్ చేశారు. తర్వాత ఎవరికి అవసరమైన కీమో, రేడియేషన్, హార్మోన్ మందులు వాళ్లకి మామూలుగానే ఇచ్చారు.

"అన్నా, మా అమ్మకి వచ్చే వారం ఆపరేషన్, ఈ ఇంజెక్షన్ అడగాలా?" అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. అడుగు తమ్ముడూ, తప్పేం లేదు. "సర్, ఆపరేషన్‌కి ముందు గడ్డ చుట్టూ లిడోకైన్ ఇచ్చే పద్ధతి మా అమ్మకి సరిపోతుందా?" అని సర్జన్‌నే అడుగు. వద్దంటే ఎందుకో తెలుసుకో. కానీ దీనికోసం ఆపరేషన్ వాయిదా వేయొద్దు, తర్వాత చెప్పిన కీమో మానేయొద్దు. ఇది ఆపరేషన్ టేబుల్ మీద ఇచ్చేది, బయట కొనుక్కుని వేయించుకునేది కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ మేలు జబ్బు తొందరగా బయటపడినవాళ్లలో కనిపించింది. మన ఇళ్లల్లో ఏం జరుగుతుంది? గడ్డ తగిలినా నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. లేదంటే మగపిల్లలకి చెప్పడానికి మొహమాటపడతారు. బ్రెస్ట్ క్యాన్సర్ గడ్డ చాలాసార్లు మొదట్లో నొప్పి పెట్టదు. కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్ట పడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు, ఆ సంగతి కూడా డాక్టరే తేల్చాలి.

ఈ వీడియోని ఫ్యామిలీ గ్రూప్‌లో పడేసి వదిలేయకండి. అమ్మ పక్కన కూర్చుని చూపించండి. మొహమాటం మీవైపు నుంచి పోతే, చెప్పడం వాళ్లకి తేలికవుతుంది. మళ్లీ కలుద్దాం, ఉంటాను.