మిస్సయ్యామా, తప్పిపోయామా?

మొన్నొక ఆదివారం పొద్దున్నే న్యూజెర్సీ నుంచి తెనాలికి ఫోన్ చేశాం. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, ఈసారి అమ్మమ్మతో అంతా తెలుగులోనే మాట్లాడతానని పంతం పట్టింది. "ఐ మిస్ యూ" అనడానికి తెలుగేమిటో తనే డిక్షనరీలో వెతుక్కుని, ఫోన్ అందుకుని, "అమ్మమ్మా, నేను తప్పిపోయాను!" అంది.

అవతల మా అమ్మ గుండె గుభేలుమంది. "ఎక్కడ తప్పిపోయావే తల్లీ? మీ అమ్మేదీ?" అని ఒకటే కేకలు. నేను ఫోన్ లాక్కుని సర్దిచెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. పిల్ల బిక్కమొహం వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇక తెలుగు జోలికే రానంటుందేమోనని నాకు భయం పట్టుకుంది.

నిజం చెప్పాలంటే దాని తప్పేమీ లేదు. పాత ఇంగ్లీషులో 'మిస్సన్' అంటే గురి తప్పడమే. వెయ్యేళ్ళ నాటి రాతప్రతిలో మిగిలిన 'బేవుల్ఫ్' కావ్యంలో ఈ మాట కనిపిస్తుంది. హ్రెదెల్ అనే రాజుగారి కొడుకు వేసిన బాణం గురి తప్పి సొంత అన్నకే తగులుతుంది. చంపినవాడూ కొడుకే, చచ్చినవాడూ కొడుకే. ఎవరిమీద పగ తీర్చుకుంటాడు? ఆ తండ్రి దిగులుతోనే పోతాడు. లేనివాళ్ళ కోసం మనసు పీకడమనే అర్థం ఈ మాటకు తర్వాతి శతాబ్దాల్లో వచ్చింది కానీ, ఈ కథలో ఆ బాధ అప్పటికే ఉందనిపిస్తుంది నాకు.

'మిస్టేక్'లో ముందున్న ముక్క కూడా దీని చుట్టమే. (బళ్ళో టీచరమ్మని పిలిచే 'మిస్' మాత్రం వేరు, అది 'మిస్ట్రెస్'కి పొట్టిరూపం.) మన 'తప్పు' చూడండి, అదీ అచ్చంగా ఇంతే. గురి తప్పుతుంది, దారి తప్పుతాం, తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోతారు, చేసిన పొరపాటూ తప్పే. శుభలేఖలో "తప్పక రండి" అన్నా అదే మాట.

తేడా ఒక్కచోటే వచ్చింది. మనిషి మీద బెంగ దగ్గరికి 'తప్పు' రాలేదు. అక్కడ మనకు వేరే మాటలున్నాయి: గుర్తొస్తున్నావు, తోచడం లేదు, బెంగగా ఉంది. మనకు బెంగ పెట్టుకుంటే జ్వరం కూడా వస్తుంది! "గుర్తొస్తున్నావు" అన్నప్పుడు వచ్చేది అవతలి మనిషే, మనం కాదు. ఫ్రెంచివాళ్ళూ ఇలాగే "నువ్వు నాకు కొరవడ్డావు" అన్నట్టు చెప్తారు. బస్సు విషయంలోనూ అంతే. ఇంగ్లీషులో "నేను బస్సు మిస్ చేశాను" అని ఒప్పుకోవాలి. మనమేమో "బస్సు మిస్సయింది" అని నేరం బస్సు మీదికి తోసేస్తాం. ఇక "మిస్డ్ కాల్ ఇవ్వు" అనడమూ మనకు అలవాటే. కావాలని ఇచ్చేది మిస్ ఎలా అవుతుందో ఆ ఇంగ్లీషువాళ్ళకే తెలియాలి.

ఇదంతా మా అమ్మాయికి కథలా చెప్పాను. రాజుగారి కథ రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాతి ఆదివారం తనే ఫోన్ తీసుకుని, "అమ్మమ్మా, నీ మీద బెంగగా ఉంది" అంది.

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఎప్పుడొస్తారే?" అంది అమ్మ.

పిల్ల నా మొహంలోకి చూసింది. నేను టికెట్లు ఇంకా కొనలేదు.